పనిలో దెబ్బ తగిలితే చేయకూడని పొరపాట్లు



మన సోలాపూర్‌లో సాంచెల మీద బతికే తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. పోయినేడు మన తొమ్మిదో తరగతి పిల్లవాడు వారం రోజులు బడికి రాలేదు. అడిగితే, తండ్రి వేళ్లు పళ్లచక్రాల్లో నలిగాయన్నాడు. కార్ఖానాలో ఎవరో చెప్పారని ఆయన దవాఖానాలో "ఇంట్లో జారి పడ్డాను" అన్నాడట. ఆ ఒక్క మాట వల్ల ఆ కుటుంబం పరిహారం కోసం ఇప్పటికీ తిరుగుతోంది. ఇంకొకరికి అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

1. డాక్టరుకు అబద్ధం చెప్పొద్దు. దెబ్బ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ మిషను మీద తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి. కేసు పేపరులో అదే రాశారో లేదో చూసుకోండి. తర్వాత మార్పించడం చాలా కష్టం.

2. "చిన్న దెబ్బే" అని ఊరుకోవద్దు. కండె ఎగిరి కంటికి తగిలితే, ఆ రోజు ఎర్రబడినట్టే ఉంటుంది. చూపు తగ్గడం తర్వాత తెలుస్తుంది. ఆ రోజే యజమానికి చెప్పి, ప్రమాదాల పుస్తకంలో రాయించండి. నోటిమాటతో సరిపెట్టకుండా ఒక చీటీ రాసిచ్చి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. పక్క సాంచె మీద ఉన్నవాళ్ల పేర్లు కూడా రాసుకోండి.

3. ఈఎస్ఐ ఉందో లేదో ముందే తెలుసుకోండి. పదిమంది, అంతకుమించి పనిచేసే కార్ఖానాలో, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు అది ఉండాలి. పనిలో దెబ్బ తగిలి డాక్టరు సెలవు రాస్తే, జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. చేరి ఒక్కరోజే అయినా ఈ హక్కు ఉంది. కానీ ఆ సెలవులో ఇంకోచోట కూలికి పోతే ఆ డబ్బు పోతుంది.

4. ఈఎస్ఐ లేదని ఆశ వదులుకోవద్దు. అలాంటివాళ్లకు యజమాని పరిహారం ఇవ్వాలన్నది 1923 నుంచీ చట్టంలో ఉన్న మాట. కాంట్రాక్టరు కింద పనిచేసినా అడగవచ్చు. అయితే రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టాలి. హిసాబు చీటీలు, బ్యాంకు పాసుబుక్కు, హాజరు కార్డు పారేయకండి. అక్కడ పనిచేశారనడానికి అవే రుజువు.

5. చదవకుండా సంతకం, వేలిముద్ర వేయొద్దు. అయిదు వేలో పది వేలో చేతిలో పెట్టి "ఇక ఏమీ అడగను" అని రాయించుకుంటారు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న అలాంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అయినా దాన్ని చూపించి భయపెడతారు.

6. పుండు మానగానే అయిపోయిందనుకోవద్దు. వేలు వంగకపోయినా, చూపు తగ్గినా అది శాశ్వత లోపం. ఈఎస్ఐ ఉన్నవాళ్లు మెడికల్ బోర్డు పరీక్ష కావాలని అడగండి.

పిల్లలూ, మీ నాన్నకో అమ్మకో వచ్చే కాగితాలు ఎక్కువగా మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మీకు చదవడం వచ్చు. సంతకానికి ముందు నింపాదిగా చదివి తెలుగులో చెప్పండి. మీకు అర్థం కాకపోతే ఆ కాగితం బడికి తీసుకురండి, కూర్చొని చదువుదాం. ఇంట్లో కష్టం వచ్చిందని మాత్రం బడి మానొద్దు. ముందు నాకొక మాట చెప్పండి.

— ప్రధానోపాధ్యాయుడు