తవుడు పశువులకు, బెరిబెరి మనుషులకు

గంజాం నుంచి గుంటూరు దాకా పరుచుకున్న సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఒక జబ్బు పాతుకుపోయి ఉండేది. మొదట కాళ్లు తిమ్మిరెక్కేవి. తర్వాత వాచేవి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ముదిరితే గుండె ఆగిపోయేది. దాని పేరు బెరిబెరి. 1835లోనే మాల్కంసన్ అనే వైద్యుడు ఈ జబ్బు మీద మద్రాసులో ఒక పుస్తకం అచ్చువేశాడు. అసలు కారణం మాత్రం అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

అది అన్నంలోనే ఉందని 1890లలో జావాలో ఐక్‌మన్ కోళ్ల మీద చేసిన ప్రయోగాలతో బయటపడింది. బాగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి. ముడిబియ్యం పెడితే మళ్లీ లేచాయి. గింజ పైపొరలో, అంటే మనం తవుడు అని వదిలేసే దానిలో, ప్రాణాధారమైన పదార్థం ఒకటి ఉందని తేలింది. అదే థయామిన్, బి1 విటమిన్.

మన దేశంలో ఈ జబ్బు ఆరా తీయడానికి 1918లో నీలగిరుల్లోని కూనూరులో మెకారిసన్ ఒక చిన్న పరిశోధన విభాగం మొదలుపెట్టాడు. 1935లో దాని బాధ్యత ఐక్‌రాయిడ్ చేతికి వచ్చింది. అక్కడి వారికి ఎదురైన చిక్కుముడి ఆసక్తికరమైనది: తమిళ జిల్లాల్లోనూ పేదల తిండి అన్నమే, మరి బెరిబెరి తెలుగు తీరాన్నే ఎందుకు పట్టుకుంది?

జవాబు ఉప్పుడు బియ్యంలో దొరికింది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెడితే పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మర ఆడించినా అంతా పోదు. దక్షిణాన చాలాచోట్ల వాడుక అదే. సర్కారు జిల్లాల వారికి పచ్చి బియ్యమే ఇష్టం, అదీ మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది. తర్వాత మరలు వచ్చాయి. ఇంటి రోట్లో రోకలితో దంచిన బియ్యానికి కాస్తయినా తవుడు అంటిపెట్టుకుని ఉండేది, మరపట్టిన బియ్యంలో అదీ మిగల్లేదు. మిగిలిన కాస్త బలాన్ని వంటింట్లో మనమే పోగొట్టుకున్నాం. బియ్యాన్ని పదేపదే కడిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చేశాం. ఆ కడుగు, గంజి, తవుడు కలిసి కుడితి తొట్టిలోకి చేరాయి. ఇంటి గేదెకు దక్కిన పోషణ ఇంటి బాలింతకు దక్కలేదన్నది కడుపు తరుక్కుపోయే నిజం. తల్లికి బి1 చాలకపోతే ఆమె పాలలోనూ చాలినంత ఉండదు. చంటిబిడ్డ ఉన్నట్టుండి ఊపిరాడక కన్నుమూయవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలోని బెరిబెరి ప్రాంతాల్లో శిశుమరణాల మీద ఐక్‌రాయిడ్, కృష్ణన్ 1941లో వ్యాసం ప్రచురించారు.

తప్పంతా వరిదేననుకుంటే మళ్లీ పొరపాటే. జొన్నరొట్టె, జొన్నసంకటితోనే బతికిన దక్కన్ పేదలకు పెల్లాగ్రా వచ్చింది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలేది. జొన్నలో మోతాదు మించిన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. అక్కడైనా ఇక్కడైనా పేదవాడి కంచంలో పప్పు, పాలు, కూర కొరవడ్డాయి. కడుపంతా ఒకే గింజతో నిండింది. అసలు లోపం అది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ జొన్న, సజ్జ, కొర్ర తినే మెట్ట పల్లెల్లోనూ దాంతో తెల్లన్నం మూడు పూటలా తిండి అయింది. ఒకప్పుడు పండగపూట మాత్రమే వరి అన్నం ఎరిగిన ఇళ్లకు అది గౌరవం కూడా. ఇప్పుడు బెరిబెరి అరుదైంది, ఆ స్థానంలో మధుమేహం ఇంటింటికీ చేరింది.

కూనూరులోని ఆ పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. దేశంలోని రోగాల భారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమని అది 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని వాటి సూచన. ప్రస్తుతం అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది.