చెన్నపట్టణపు గాలి, అణుధూళి గణితము

చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీవారు 1792లో నుంగంబాకమునందు కట్టించిన నక్షత్రశాల వాతావరణ పరిశీలనకును ఆటపట్టయ్యెను. అచ్చటి టైలరు దొరకడ విద్యనభ్యసించిన మన గోడే వేంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణమున స్వంత వేధశాలను నెలకొల్పిరి. ఆ గాలి పద్దులు అణుయుగమున ప్రాణరక్షణకు ఆధారమగునని అప్పు డెవరూహింతురు!

1957లో ఇంగ్లండున విండ్‌స్కేలు రియాక్టరు మండి, అయోడిన్ 131 పచ్చికపై వ్రాలగా, సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించిరి. 1961లో పాస్క్విల్ అను శాస్త్రజ్ఞుడు వాతావరణ స్థిరత్వమును ఆరు తరగతులుగా విభజించి, గాలివేగము, ఎండ, మబ్బు తెలిసినంతనే పొగ వ్యాప్తిని గణించు పద్ధతిని ప్రకటించెను. సులభమగుటచే అది లోకమంతట వ్యాపించినది. కాని గాలి దారిపొడవునను ఒకే తీరున వీచుననుట దాని ప్రతిజ్ఞ.

చెన్నపురికి దక్షిణమున సుమారు 70 కిలోమీటర్ల దూరమునగల కల్పాక్కమున ఈ ప్రతిజ్ఞ నిలువదు. అచ్చటి అణువిద్యుత్ కేంద్రపు మొదటి యూనిట్టు 1983లో క్రియాశీలమైనది. వేసవిలో దక్షిణపు గాలి చెన్నపట్టణమువైపునకును, మధ్యాహ్నపు సముద్రపు గాలి చెంగల్పట్టువైపునకును, ఈశాన్య ఋతుపవనము నైరృతికిని మరలును. మరియొక చిక్కు కలదు. చల్లని సముద్రపు గాలి కాగిన నేలపైకి వచ్చినంతనే అడుగుపొర వేడెక్కి కలతచెందును. లోపలికి పోయినకొలది ఆ పొర ఎత్తెక్కును. పొగగొట్టము నుండి వెలువడిన ధూళి పైనున్న నిశ్చలమైన గాలిలో చెదరక సాగి, ఆ పొరను తాకినచోట ఒక్కుమ్మడిగా నేలకు దిగును. కనుక కేంద్రము చెంతనున్న ఊరికంటె కొన్ని కిలోమీటర్ల లోపలి ఊరికి ముప్పెక్కువ కావచ్చును.

ఇందువలననే కల్పాక్కమునందలి ఇందిరాగాంధీ అణుపరిశోధన కేంద్రమువారు కంప్యూటరుపై గాలి గతులను ముందుగా గణించి, అందు వేలకొలది ఊహాకణములను విడిచి వాని జాడనరయు ఫ్లెక్స్‌పార్ట్ వంటి పద్ధతుల నవలంబించిరి.

గణితముండినను చాలదు. జపానున స్పీడీ అను ఇట్టి వ్యవస్థ అదివరకే కలదు. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదము సంభవింపగా, వెలువడిన పదార్థమెంతయో తెలియదని ఆ పటములను సకాలమున ప్రజలకీయరైరి. నామియె పట్టణవాసులు వేలమంది వాయవ్యమునగల త్సుషిమాకు తరలిరి. ధూళిమేఘమును ఆ దిక్కునకే సాగినది. పరిమాణము తెలియకున్నను దిక్కు తెలియును. పారిపోవువానికి ముందు కావలసినది దిక్కే.