అడవి ఏటి ఒడ్డున గుడారం.. ఉచితమే కానీ ఊరికే కాదు!

మారేడుమిల్లి: చుట్టూ పచ్చని కొండలు.. బండరాళ్ల నడుమ గలగలా పారే ఏరు.. ఒడ్డున చిన్న గుడారం. మన్యంలో ఒక రాత్రి ఇలా గడపాలని యువత ఉవ్విళ్లూరుతోంది. సెలవు దినాల్లో అతిథిగృహాలు నిండిపోవడంతో రుసుము లేకుండా గుడారం వేసుకునే చోటు కోసం వెదికేవారూ ఉన్నారు. అటువంటి చోట్లు లేకపోలేదు. అయితే అడవిలో ఖాళీగా కనిపించే ప్రతి ఇసుక తిన్నెకూ ఒక యజమాని ఉంటాడు. ఆ యజమాని ఎవరో తెలియకుండా దిగితే చట్టంతోను, ఏటి స్వభావం తెలియకుండా దిగితే ప్రాణంతోను చెలగాటమాడినట్లే.

మన్యానికి ముఖద్వారం

ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలోని మారేడుమిల్లి, రాజమహేంద్రవరానికి సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి చింతూరు వెళ్లే ఘాట్ రోడ్డు పొడవునా సెలయేళ్లు, వాగులు పర్యాటకులకు కనువిందు చేస్తాయి. జలతరంగిణి, అమృతధార జలపాతాలు, పాములేరు వాగు వీటిలో పేరొందినవి. వాలమూరు ఏటి సమీపాన అటవీశాఖ స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో జంగిల్ స్టార్ విడిదిని ఏర్పాటు చేసింది. వాలి సుగ్రీవుల యుద్ధం ఈ ప్రాంతంలోనే జరిగిందని స్థానికులు చెప్పుకుంటారు. కొండరెడ్లు ఈ కొండల్లో తరతరాలుగా నివసిస్తున్న ఆదివాసీలు.

ఎవరి నేల? ఎవరి అనుమతి?

ఏటి ఒడ్డున ఉండే నేలను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటిది రిజర్వు అటవీ భూమి. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం-1967 ప్రకారం ఇందులో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం నేరం. ఇక్కడ ఉచితంగా మకాం వేసే హక్కు ఎవరికీ లేదు. రేంజి అధికారి కార్యాలయంలో ముందుగా విచారించి, అనుమతి ఇస్తేనే వెళ్లాలి.

రెండోది పాపికొండల జాతీయ ఉద్యానవనం. 1978లో అభయారణ్యంగా ప్రకటితమైన ఈ ప్రాంతం 2008లో జాతీయ ఉద్యానవనమైంది. దీని విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లకు పైమాటే. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ఇక్కడ వర్తిస్తుంది. అనుమతి పత్రం లేకుండా పగలు ప్రవేశించడమే తప్పు. ఇక రాత్రి బస ఆలోచన మానుకోవడం మంచిది.

మూడోది గ్రామస్థుల భూమి. పట్టా భూములు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీలకు హక్కులు దక్కిన పోడు భూములు ఈ కోవలోకి వస్తాయి. రుసుము లేని చోటు దొరికే అవకాశం ప్రధానంగా ఇక్కడే ఉంది. పొద్దుండగానే ఊరిలోకి వెళ్లి, పెద్దలను కలిసి, ఎంతమంది వచ్చారో, ఎన్ని రాత్రులు ఉంటారో చెప్పి అడగాలి. కోతలు పూర్తయిన చేను గట్టునో, ఇంటి వెనుక మెరకలోనో చోటు చూపితే అదే అన్నింటికంటే క్షేమం. కట్టెలు, భోజనం, దారి చూపిన వ్యక్తి శ్రమ మాత్రం ఉచితం కాదు. వాటికి తగిన వెల చెల్లించడం మర్యాద.

ఏరు చెప్పే గుర్తులు

మన్యంలో వాగులకు వరద చెప్పి రాదు. ఇక్కడ చినుకు పడకపోయినా పైకొండల్లో కురిసిన వాన కొద్దిసేపటికే దిగువకు చేరుతుంది. 2024 సెప్టెంబరులో జలతరంగిణి వద్దకు విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు ఒక్కసారిగా పెరిగిన ప్రవాహంలో కొట్టుకుపోగా, వారిలో ముగ్గురు మృతి చెందారు. అది పట్టపగలు జరిగిన ప్రమాదం. గుడారంలో నిద్రిస్తున్నవారికి ఆపాటి వ్యవధి కూడా ఉండదు.

అందుచేత గుడారం వేసే ముందు ఒడ్డు వెంబడి ఉన్న చెట్లను పరిశీలించాలి. కొమ్మలకు, పొదలకు చిక్కుకున్న ఎండుగడ్డి, చెత్తాచెదారం గత వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెబుతాయి. ఆ గుర్తు కంటే బాగా ఎత్తులో, ఏటికి కనీసం 60 మీటర్ల ఎడంగా మకాం ఉండాలి. మెత్తగా, చదునుగా కనిపించే ఇసుక తిన్నె నిజానికి ఏరు పడుకునే పక్క అని గ్రహించాలి. ఏటి నడుమ లంకలపైనా, రెండు పాయల మధ్యా గుడారం వేయరాదు. తేటనీరు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకువస్తున్నా, ప్రవాహ ధ్వని మారినా సామాను వదిలేసి మెరకకు చేరాలి. వాహనాన్ని వాగుకు ఇవతలి ఒడ్డునే నిలపడం మంచిది.

రాత్రి జాగ్రత్తలు

కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. నేలపై నిద్రించేవారిని కాటేసినా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. కాబట్టి గుడారం జిప్పు ఎల్లవేళలా మూసి ఉంచాలి. బూట్లు దులిపి వేసుకోవాలి. టార్చిలైటు లేకుండా అడుగు బయట పెట్టరాదు. ఏజెన్సీలో మలేరియా బెడద ఉన్నందున దోమల మందు, నిండు చేతుల చొక్కాలు తప్పనిసరి. తిరిగి వెళ్లిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే వైద్యునికి మన్యానికి వెళ్లివచ్చిన సంగతి చెప్పాలి. ఏటి నీటిని కాచి చల్లార్చి తాగాలి. ఘాట్ రోడ్డులో చాలాచోట్ల సెల్‌ఫోన్లు పనిచేయవు. అందువల్ల ఎక్కడ ఉంటున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ ముందుగానే ఊరిలో ఒకరికి, ఇంటి వద్ద ఒకరికి తెలియజేయాలి.

ఏరు ఊరిది

దిగువనున్న గూడేలకు ఈ వాగు నీరే ఆధారం కావచ్చు. ఏటిలో సబ్బుతో స్నానాలు, గిన్నెలు కడగడం తగదు. కాలకృత్యాలకు నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంత తీసి పూడ్చాలి. మద్యం సీసాలు బండలపై పగలగొడితే ఆ గాజుముక్కలు గుచ్చుకునేది పశువుల కాపరుల కాళ్లకే. బొంగు చికెన్ కోసం పచ్చి వెదురు నరకకుండా, వండి అమ్మేవారి వద్ద కొనుక్కుంటే వారికీ ఆదరువు దొరుకుతుంది. తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి తీసుకుపోవాలి.

ఎప్పుడు? ఎలా?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. రాత్రులు చలి ఎక్కువ కనుక దుప్పట్లు అవసరం. నవంబరు, డిసెంబరు నెలల్లో అల్పపీడనం, తుపాను హెచ్చరికలు ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. మార్చి నుంచి మే వరకు కార్చిచ్చు భయం. జూన్ నుంచి అక్టోబరు వరకు ఏటి ఒడ్డున రాత్రి మకాం అసలే వద్దు.

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి బస్సులు ఉన్నాయి. రాజమహేంద్రవరమే దగ్గరి రైల్వేస్టేషన్. పాముకాటు, ప్రమాదాల వేళ 108కు ఫోన్ చేయాలి. రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఊరిలో అడిగినా చోటు దొరకకపోతే, చీకటి పడకముందే రుసుము చెల్లించి విడిది కేంద్రాల్లో బస చేయడం ఉత్తమం. ఆదా అయ్యే నాలుగు వందల కంటే తెల్లవారి క్షేమంగా ఇల్లు చేరడం ముఖ్యం.