మంచులో చిన్న కారు

కరొల్లా, సివిక్ లాంటి చిన్న కార్లతో మిషిగన్ చలికాలం నిక్షేపంగా గడిపేయవచ్చు. భయపడాల్సింది కుప్పలుగా పడిన స్నోకి కాదు, తడి రోడ్డులా కనబడి మోసం చేసే బ్లాక్ ఐస్‌కి. పైనా కిందా చలిగాలే కాబట్టి వంతెనలు రోడ్డుకన్నా ముందే గడ్డకడతాయి; వంతెన ఎక్కకముందే వేగం తగ్గించండి.

45 డిగ్రీల ఫారన్‌హీట్ దిగితే ఆల్ సీజన్ టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. నా ఓటు స్నో టైర్లకే, అదీ నాలుగింటికీ. ఆల్ వీల్ డ్రైవ్ కారుని కదిలించడానికే గాని ఆపడానికి పనికిరాదు మరి!

కారు జారితే యాక్సిలరేటర్ వదిలి, వెళ్ళాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పండి. ఏబీఎస్ ఉంటే బ్రేకు గట్టిగా తొక్కి ఉంచండి, పెడల్ గడగడమన్నా కాలు తీయకండి.

మంచులో ఇరుక్కుపోతే, హీటర్ కోసం ఇంజను వేసేముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు.