యోగశబ్దం – యుజ ధాతువు – ప్రణవజపం

యోగమంటే జీవాత్మ పరమాత్మల కలయిక అన్న నిర్వచనం నేడు సర్వత్ర వినవస్తున్నది. అది నిర్మూలం కాదు. యోగయాజ్ఞవల్క్యంలో అట్టి నిర్వచనమే కలదు. అయితే పాతంజల యోగసూత్రాలకు భాష్యం రచించిన వ్యాసుడు యోగమంటే సమాధియే అన్నాడు. ఈ భేదానికి మూలం సంస్కృత ధాతువులో ఉన్నది.

పాణినీయ ధాతుపాఠంలో యుజ ధాతువు దివాదిగణంలో సమాధ్యర్థంలోను, రుధాదిగణంలో సంయోగార్థంలోను పఠింపబడింది. వ్యాసభాష్యానికి తత్త్వవైశారది అనే వ్యాఖ్య వ్రాసిన వాచస్పతిమిశ్రుడు, ఇచ్చట గ్రహింపవలసినది మొదటిదే కాని రెండవది కాదని స్పష్టం చేశాడు. ద్రష్టృ దృశ్యముల సంయోగమే దుఃఖహేతువని సాధనపాదం చెబుతున్నది. ఆ సంయోగాన్ని తొలగించే శాస్త్రానికి సంయోగమనే అర్థం పొసగదు. ధాతుజ్ఞానం లేని సాధకుడు తన గమ్యాన్నే వేరుగా భావించే ప్రమాదం ఉన్నది.

11వ శతాబ్దంలో ధారానగర ప్రభువైన భోజుడు తన రాజమార్తాండవృత్తి ఆరంభంలో, పతంజలి వలెనే తానును వాక్కు, చిత్తం, శరీరం అనే మూడింటి మలాలను శాస్త్రరచనచే తొలగించినట్లు చెప్పుకొన్నాడు. మహాభాష్యకారుడు, యోగసూత్రకారుడు ఒక్కరేనా అన్న విషయంలో పండితులకు భిన్నాభిప్రాయాలున్నవి. అయినను వ్యాకరణాన్ని, యోగాన్ని ఒకే ఋషికి ఆపాదించిన సంప్రదాయ దృష్టి గమనార్హం. వాక్శుద్ధి చిత్తశుద్ధికి సోపానమని ఆ దృష్టి తాత్పర్యం.

ఆ శతాబ్దంలోనే అల్‌బిరూనీ పాతంజల యోగాన్ని అరబ్బీ భాషలోనికి తెచ్చాడు. శాస్త్రార్థం భాషాంతరం పొందగలదనుటకు అది నిదర్శనం. కాని ప్రణవానికి భాషాంతరం లేదు. ఈశ్వరునికి వాచకం ప్రణవమని, దానిని జపిస్తూ దాని అర్థాన్ని భావన చేయవలెనని పతంజలి విధించాడు. నియమాలలోని స్వాధ్యాయానికి మోక్షశాస్త్రాధ్యయనం, ప్రణవజపం అని వ్యాసుడు రెండర్థాలు చెప్పాడు. మొదటిది అర్థప్రధానం, రెండవది శబ్దప్రధానం. సాధకునికి రెండును కావలెను. అర్థభావన లేని ఉచ్చారణ నోటి పనిగానే మిగులుతుంది.

అట్లని సంస్కృతశబ్దమే పరమావధి అనరాదు. శబ్దం, అర్థం, జ్ఞానం కలగలిసి ఉన్న స్థితి సవితర్క సమాపత్తి. స్మృతి పరిశుద్ధమై, శబ్దసంకేతం తొలగి, వస్తువు మాత్రమే భాసించే స్థితి నిర్వితర్కం. శబ్దాన్ని ఆశ్రయించి ఆరంభించిన సాధన శబ్దాన్ని దాటవలెనని సమాధిపాదం బోధిస్తున్నది. కనుక గురుముఖంగా అక్షరాన్ని, స్వరాన్ని, ధాత్వర్థాన్ని నేర్చి జపానికి కూర్చున్నవానికి ఆ దాటుట క్రమంగా సాధ్యమవుతుంది. పదమే తెలియనివానికి దాటవలసినది ఏదో కూడ తెలియదు.