షామ్ దేశపు పెళ్లికూతురు – అస్కలాన్

మధ్యధరా సముద్రపు ఒడ్డున, గాజాకు ఉత్తరంగా, అస్కలాన్ అనే కోట పట్టణం ఉండేది. అరబ్బులు ముద్దుగా దాన్ని ‘షామ్ దేశపు పెళ్లికూతురు’ అనేవారు. ఒక పక్క సముద్రం, తక్కిన పక్కలా అర్ధచంద్రాకారపు ప్రాకారం. ఈజిప్టు నుండి బైతుల్ ముఖద్దస్ వెళ్లే దారికి అది వాకిలి వంటిది.

1099లో శిలువ యోధులు బైతుల్ ముఖద్దస్‌ను పట్టుకున్నా, అస్కలాన్ మరో 54 ఏళ్లు ఫాతిమీల చేతిలోనే నిలిచింది. 1153లో ఏడు నెలల ముట్టడి తర్వాత లొంగింది. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ దాన్ని తిరిగి గెలుచుకున్నారు. నాలుగేళ్లకే దాన్ని నేలమట్టం చేయించిందీ ఆయనే!

ఎందుకని? 1191 జూలైలో అక్కా కోట పడిపోయింది. అక్కడి బందీలను సుమారు 2,700 మందిని రిచర్డ్ రాజు చంపించాడు. సెప్టెంబరు 7న అర్సూఫ్ వద్ద సుల్తాన్ సేన ఓడింది. ఇక అస్కలాన్‌నూ, బైతుల్ ముఖద్దస్‌నూ రెండింటినీ కాపాడేటంత బలగం లేదు. సుల్తాన్ అమీర్లతో మష్వరా చేశారు. అక్కా గతి చూసిన అమీర్లెవరూ ఆ కోటలో ఉండటానికి ఒప్పుకోలేదు.

బిడ్డలందరినీ పోగొట్టుకోవడమైనా తనకు తేలికే గాని, ఇందులో ఒక్క రాయి పడగొట్టడం తేలిక కాదని సుల్తాన్ వాపోయినట్లు, వెంట ఉన్న ఖాజీ బహావుద్దీన్ ఇబ్న్ షద్దాద్ రాశారు. అయినా బైతుల్ ముఖద్దస్ కోసం గుండె రాయి చేసుకుని, దగ్గరుండి గోడలు కూల్పించారు.

మరి ఊరి జనం? మోసుకుపోలేని సామానంతా అయినకాడికి అమ్ముకున్నారు. ఒక్క దిర్హముకు పన్నెండు కోళ్లు! పిల్లాపాపలతో కొందరు ఈజిప్టుకు, కొందరు షామ్‌కు వలసపోయారు.

1192లో రిచర్డ్ కోటను మళ్లీ కట్టించాడు. అదే ఏడు సంధి షరతు ప్రకారం అది మళ్లీ కూలింది. బైతుల్ ముఖద్దస్ మాత్రం ముస్లింల చేతిలోనే ఉంది. చివరకు 1270లో సుల్తాన్ బైబర్స్ అస్కలాన్‌ను పూర్తిగా పడగొట్టించారు.

సుల్తాన్ త్యాగాన్ని మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాని ఆ త్యాగపు బరువు మోసింది కోళ్లమ్ముకున్న ఆ పేదలే కదా! పదిమంది మేలు కోరి నిర్ణయాలు చేసే పెద్దలు, వాటి వల్ల ఎవరి ఇల్లు కూలుతుందో కూడా లెక్క చూసుకోవాలి. అదీ అమానతే.