దవా, దుఆ: ఉదయగిరి సీమలో మనోవ్యథకు చికిత్స

నెల్లూరు జిల్లా పడమటి భాగమంతా మెట్టసీమ. వెలికొండల చెంతనున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు కరవు పాత చుట్టం. ఊళ్ల పేర్లలో మాత్రం నీటికి కొదవ లేదు. ఆత్మకూరుకు పడమట అనంతసాగరం, ఉత్తరాన అనుమసముద్రంపేట. చెరువును సాగరమనీ సముద్రమనీ పిలుచుకున్న ప్రజల ఆశ ఎంతటిదో ఆ పేర్లే చెప్పుచున్నవి.

ఈ సీమ చరిత్రను వ్రాసినవారు సాధారణంగా ఉదయగిరి దుర్గంతో మొదలుపెట్టి దుర్గంతోనే ముగిస్తారు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి దానిని గెలుచుకొనుట, తరువాత అది గోల్కొండ వశమగుట, కొండపై మసీదులు వెలయుట అందరికీ తెలిసిన విషయాలే. ఇదే సీమలో మరొక చరిత్ర కూడా ఉన్నది. అది రాజులది కాదు, మనస్సు చెదిరినవారిది, వారిని వెంటబెట్టుకొని దారులు పట్టిన తల్లులది.

ఆ దారులు చేరేది అనుమసముద్రంపేటకు. రహమతాబాద్ అని కూడా పేరుగల ఆ ఊరిలో హజ్రత్ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ (రహ్మ) సమాధి ఉన్నది. ఆయన 18వ శతాబ్దపు సూఫీ మహనీయుడు. నాందేడ్ సమీపంలోని కందార్‌కు చెందిన ప్రసిద్ధుడు షా రఫీఉద్దీన్ ఆయన శిష్యుడే. ఉదయగిరిలోనూ ఆయన పేర రబీఉల్ అవ్వల్ మాసంలో గంధోత్సవం జరుగుతుంది. ఆయన జీవించిన కాలం ఎటువంటిదో గమనించాలి. 1746 నుండి 1763 వరకు కర్ణాటక యుద్ధాలు సాగినవి. ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, ఆర్కాటు నవాబీకి పోటీపడినవారు కలిసి నెల్లూరు నేలను తొక్కివేసిన రోజులవి. అటువంటి కాలంలో ఒక సాధువు సన్నిధిలో జనం ఊరట వెదకుకొన్నారంటే ఆశ్చర్యం లేదు.

నేటికీ మతభేదం లేకుండా మనోవ్యాధిగ్రస్తులను అక్కడికి తీసుకొని వస్తారు, రోజుల తరబడి ఉంచుతారు. సమాధుల వద్ద వేడుకొనుట గూర్చి ఉలమాలలో తీవ్రమైన అభిప్రాయభేదం ఉన్నది. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. చరిత్రకారునికి కావలసిన ప్రశ్న వేరు: ఈ జనం వైద్యశాలకు పోక దర్గాకు ఎందుకు వచ్చారు? సమాధానంలో సగం భూగోళమే చెప్పుతుంది. 1953 వరకు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనిది. మానసిక రోగులకు ఆశ్రయం 1794లో మద్రాసులో మొదలైనది. ఉదయగిరి రైతుకు మద్రాసు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో గాని రాలేదు, జిల్లా స్థాయి పథకం 1996లో గాని మొదలు కాలేదు. అంతదాకా దర్గా తలుపు ఒక్కటే తెరచి ఉన్నది.

మిగిలిన సగం ఇస్లామీయ విజ్ఞాన చరిత్రలో ఉన్నది. దర్గాలో కూర్చున్న రోగిని చూసి ‘ముస్లిములకు వైద్యం తెలియదు, తాయెత్తులే తెలుసు’ అని తేల్చివేసేవారు బల్ఖీ పేరు విని ఉండరు. అబూ జైద్ అల్ బల్ఖీ (850–934) బల్ఖ్ సమీపంలో పుట్టి, తత్త్వవేత్త అల్ కిందీ వద్ద చదువుకొన్నాడు. ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ అన్న గ్రంథంలో శరీరానికి ఒక భాగం, మనస్సుకు ఒక భాగం కేటాయించినాడు. వైద్యులు దేహాన్ని గూర్చి పుటలు నింపి మనస్సును వదలివేశారని ఆయన ఫిర్యాదు. దేహరోగం అందరికీ రాకపోవచ్చును గాని మనఃక్లేశం నుండి తప్పించుకొన్నవాడు లేడన్నది ఆయన వాదం. కోపం, భయం, దుఃఖం, వస్వాస్ అనబడే పీడించే ఆలోచనలు—ఒక్కొక్కదానికి వేరువేరు చికిత్స చెప్పినాడు.

అందులో రెండు మాటలు ఈనాటికీ విలువ కోల్పోలేదు. దుఃఖంలో కారణం తెలిసినది ఒకటి, కారణం తెలియనిది మరొకటి అని ఆయన విడదీసినాడు. ఆప్తుని మరణం వంటి మొదటిదానికి ఓదార్పు, మంచిమాట, ఆలోచనను మళ్లించుట మందు. రెండవదానికి మూలం దేహంలోనే ఉన్నది గనుక దేహానికి కూడ చికిత్స చేయాలి. ఇక రెండవ మాట మరింత సొగసైనది. ఇంట్లో అత్యవసరానికి మందులు దాచుకొన్నట్లు, మనస్సు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే ఆరోగ్యకరమైన ఆలోచనలను కూడబెట్టి ఉంచుకోవాలని ఆయన చెప్పినాడు. 1936లో హాన్స్ సెల్యే ఒత్తిడి ప్రభావాన్ని వివరించినాడు. సంతోషం, కృతజ్ఞత వంటి భావాలు మనిషికి కష్టకాలపు నిల్వలను పెంచునని 1998లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ సిద్ధాంతీకరించినది. బల్ఖీ ఈ దారిలో వెయ్యేండ్ల ముందు నడిచినాడు. ఆయన గ్రంథపు వ్రాతప్రతులు ఇస్తాంబుల్‌లో చాలకాలం మరుగున పడి ఉండి, 1984లో ఫ్రాంక్‌ఫర్ట్ నుండి ఛాయాప్రతిగా వెలువడినవి. మనస్సును గూర్చిన భాగాన్ని మాలిక్ బద్రీ 2013లో ఆంగ్లంలోనికి తెచ్చినాడు.

ఈ దృష్టి పండితులకే పరిమితం కాలేదు. ఆప్తులను పోగొట్టుకొన్నవారికి బార్లీపిండితో కాచిన తల్బీనా అనే జావ గుండెకు నెమ్మదినిచ్చునని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినారు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు జావ కాచి పంపే అలవాటు తెలుగువారికి కొత్త కాదు గదా! డమాస్కస్‌లో 1154లోను, కైరోలో 1284లోను వెలసిన బీమారిస్తాన్‌లు మనోరోగులకు కూడా చోటిచ్చినవి. మన హైదరాబాదులో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో దారుష్షిఫా కట్టించినాడు. మందు, ప్రార్థన ఒకే కప్పు కింద మసలిన సంప్రదాయమిది. అవి విడిపోయినది తరువాతనే.

విడిపోయినందువల్ల కలిగిన కీడు 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో కనిపించినది. దర్గా పరిసరాల్లోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు మంటల్లో చనిపోయినారు. తప్పించుకొని పారిపోవుటకు వారికి వీలు లేకపోయినది. అట్టి గొలుసును మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 పూర్తిగా నిషేధించినది.

అయితే మరుసటి సంవత్సరమే, 2002లో, తమిళనాడులోని ఒక చిన్న గుడిలో బస చేసిన 31 మంది రోగులపై జరిగిన పరిశీలన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ప్రత్యేక క్రతువులేవీ లేకున్నను, కొన్ని వారాలు తమవారితో నిర్భయంగా ఉన్నందుకే రోగలక్షణాలు సుమారు 20 శాతం తగ్గినవి. సంఖ్య చిన్నది, పోల్చి చూచుటకు మరొక వర్గం లేదు, కనుక దీనిపై మేడ కట్టరాదు. గొలుసు చేసే పని వేరు, నీడ చేసే పని వేరు అని మాత్రం దీనివలన తెలియుచున్నది.

గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద 2008లో ఈ రెంటినీ మళ్లీ కలిపినారు. అక్కడి ముజావర్లకు శిక్షణ ఇచ్చినారు. మొక్కు తీర్చుకొనుటకు వచ్చినవారిని వారు అడ్డగించరు, దుఆ చేస్తారు. చేసిన తరువాత, దర్గా ప్రాంగణంలోనే కూర్చున్న మానసిక వైద్యుని దగ్గరకు చీటీ ఇచ్చి పంపిస్తారు.